తుండుగుడ్డ కింద బేరం, నలుగురిలో వేలం: సంతల్లో గడిచిన బతుకు నుంచి ఒక జవాబు

మీ తాతగారు గుంటూరు జిల్లా సంతల్లో పశువుల బేరాలు చేసేవారని, ఆ పని గురించి ఇంట్లో కొందరు చిన్నచూపుగా మాట్లాడతారని రాశారు. అది నిజంగా మోసపు పనేనా, చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని బేరం ఎందుకు చేసేవారు, పశువుకు ధర ఎలా కట్టేవారు, వేలంపాట ఎలా జరిగేది అని అడిగారు. నేను 1970ల చివర్లో మా నాన్న వెంట సంతకు వెళ్ళడం మొదలుపెట్టి, మోకాళ్ళు మొరాయించేదాకా ఈ పనిలోనే బతికాను. బేరాలు కుదిర్చాను, పంచాయతీలకూ దేవాలయాలకూ వేలంపాటలు పిలిచాను. జవాబు కొంచెం పెద్దదవుతుంది.

ముందు తుండుగుడ్డ సంగతి. బయటివాళ్ళు దాన్ని చూసి ఏదో చీకటి వ్యవహారం అనుకుంటారు. అది అమ్మేవాడి పరువు కాపాడటానికి పుట్టిన పద్ధతి. సంతకు ఎద్దును తోలుకొచ్చిన రైతు చాలాసార్లు సరదాకి రాడు. కూతురి పెళ్ళో, వడ్డీ గడువో, మిరపకు తెగులొచ్చి నెత్తిన మిగిలిన అప్పో, ఏదో ఒకటి వెనకాల ఉంటుంది. తను ఎంతకు దిగాడో నోటితో చెప్పాడంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఎంత వచ్చిందో తెలిస్తే అప్పిచ్చినవాడు మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటాడు. పైగా మొదట వచ్చినవాడికి తగ్గించి చెప్పిన ధర పక్కన నిలబడ్డవాడి చెవిన పడితే, రెండో బేరం అక్కడినుంచి కిందికే పోతుంది గానీ పైకి రాదు.

అందుకని మాటలన్నీ పశువు గురించి, లెక్కంతా వేళ్ళ మీద. బేరగాడు రైతు చెయ్యి పట్టుకుని పైన తుండు కప్పుతాడు. వేలల్లోనా వందల్లోనా అన్నది ముందే అనుకుంటారు. ఒక వేలు నొక్కితే ఒకటి, చెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు, చెయ్యి పట్టుకుని మళ్ళీ రెండు వేళ్ళు నొక్కితే ఏడు. "ఏం మావా, ఎద్దు కుడికాలు కాస్త ఈడుస్తున్నట్టుంది" అని పైకి అంటూ కింద మూడు వేళ్ళు నొక్కుతాం. ఆయన "కాలికేమైందిరా, నిన్న రాత్రి బండెక్కించి దించాం" అంటూ నాలుగో వేలు కూడా నా చేతిలో పెడతాడు. చుట్టూ పదిమంది ఉన్నా ఆ ధర ఇద్దరికే తెలుసు. ఆ చేతిలో చెమట పడుతోందా, వేలు గట్టిగా పెడుతున్నాడా, మొహమాటంగా పెడుతున్నాడా అన్నదాన్నిబట్టి ఆ రైతు ఇవాళ అమ్మి తీరాల్సిన మనిషా, ధర రాకపోతే వెనక్కి తోలుకుపోయే మనిషా అన్నది తెలిసిపోతుంది. ఆ తెలిసినదాన్ని ఎవరికోసం వాడతావన్నదే బేరగాడి నీతి.

ఇక మోసం ఎక్కడుందో సూటిగా చెబుతాను. ఒక తుండు కింద మోసం లేదు. రెండు తుండ్ల మధ్య ఉంది. అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి వేరేగా ఇంకోసారి పట్టుకున్న బేరగాడికి ఇద్దరి లెక్కా తెలుసు, వాళ్ళిద్దరికీ ఒకరి లెక్క ఒకరికి తెలియదు. అమ్మేవాడు ఇరవైకి ఒప్పుకుని, కొనేవాడు ఇరవై మూడుకి ఒప్పుకుంటే ఆ నడిమి మూడూ బేరగాడి జేబులో పడతాయి. జనం తిట్టేది దీన్నే, తిట్టడంలో తప్పు లేదు. మా నాన్న దీనికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ధర కుదిరాక ఇద్దర్నీ పశువు దగ్గరికే తీసుకొచ్చి, కొనేవాడి చేత బయానా డబ్బు, అంటే అడ్వాన్సు, అమ్మేవాడి చేతిలో పెట్టించి, "ఇంతకు తెగింది, ఇద్దరూ విన్నారుగా" అని అడిగేవాడు. తన కమీషన్ ఎంతో అప్పుడే ఇద్దరి ముందూ చెప్పి తీసుకునేవాడు. నేనూ అలాగే చేశాను. మీ తాతగారితో కలిసి తిరిగిన వాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఒక్కటి అడగండి: బయానా ఎవరి చేతిలో పెట్టించేవాడు? ఆయన ఎలాంటి బేరగాడో దానితో తేలిపోతుంది.

ఆ రోజుల్లో బేరగాడి అసలు విలువ జత కుదర్చడంలో ఉండేది. ట్రాక్టర్లు ఇంతగా రాని కాలం. పల్నాడు నల్లరేగడిలో అరక కట్టాలంటే ఒంగోలు ఎద్దుల జత కావాలి. జతలో ఒకటి పాముకాటుకో, జబ్బవాపుకో పోతే ఆ రైతు పరిస్థితి చూడాలి. మిగిలిన ఎద్దు ఒక్కటే పనికి రాదు, కొత్త జత కొనడానికి డబ్బు లేదు, నేలలో దుక్కికి కావలసిన పదును ఆరిపోతోంది. అప్పుడు బేరగాడు కావాలి. ఏ ఊళ్ళో ఎవరింట్లో ఒంటి ఎద్దు ఉందో, అది దాపటిదో (ఎడమ పక్కది) వలపటిదో (కుడి పక్కది), ఎన్ని పళ్ళదో, నడక ఎంత వేగమో మాకు నోటికి రావాలి. ఎడమ పక్క కాడికి అలవాటుపడ్డ ఎద్దును కుడి పక్క కడితే సాలు సరిగా పోదు. ఒకటి చురుకుది, ఒకటి మందకొడిది అయితే కాడి ఎప్పుడూ వంకరే, చురుకైన ఎద్దు మెడ పుండు పడుతుంది. ఎత్తు తేడా ఉంటే బరువంతా పొట్టిదాని మీద పడుతుంది. అందుకే బాగా కుదిరిన జత ధర ఎప్పుడూ విడివిడి ధరలు కలిపినదానికంటే ఎక్కువే పలికేది.

నేను చూసిన మంచి జతల్లో చాలావాటిని సంతలో కలపలేదు. ఒంటి ఎద్దును అవతలి ఊరికి తోలుకెళ్ళి, అక్కడి ఎద్దు పక్కన కాడి కట్టి, దుక్కిలో పది సాళ్ళు తోలించేవాళ్ళం. పదో సాలుకి రెండూ ఒకేసారి మలుపు తిరిగితే బేరం అయినట్టే. తిరగకపోతే ఆ పూట అన్నం తిని వెనక్కి రావడమే, ఎవరికీ ఖర్చు లేదు. ఇదంతా ఒక మనిషి తిరిగితే తప్ప జరగని పని. సంతలో ఎద్దును తెచ్చి నిలబెట్టినంత మాత్రాన దాని జత దొరకదు.

వయసు చూడ్డం గురించి అడిగారు. పశువుకి పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు, కింద దవడలో ఎనిమిది ఉంటాయి. ముకుతాడు పట్టుకుని తల కాస్త ఎత్తి, బొటనవేలితో కింది పెదవి కిందికి లాగితే కనిపిస్తాయి. పాలపళ్ళు చిన్నవిగా తెల్లగా ఉంటాయి. సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు నడిమి రెండూ ఊడి వెడల్పు పళ్ళు వస్తాయి. అక్కడినుంచి ఏడాదికి కాస్త అటూఇటూగా ఒక్కో జత పెరిగి, ఐదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. దాన్నే కడపళ్ళు వేసిందంటాం. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టేది ఈ లెక్కతోనే. కడపళ్ళు దాటాక వయసు చెప్పడం కష్టం. అరుగుదల చూడాలి. పళ్ళ మధ్య సందులు, పైభాగం పలచబడటం, చిగుళ్ళ దగ్గర సన్నబడటం గమనించాలి. ఆకురాయితో పళ్ళు రాసి, కొమ్ములు చెక్కి, నూనె రాసి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. రాసిన పన్ను మొన చదునుగా ఉంటుంది గానీ పక్కన అరుగుదల దాయలేరు. కంటి పైన గుంట పడిందా లేదా కూడా చూసుకోండి, దాన్ని ఎవరూ పూడ్చలేరు.

సుడులు, అంటే ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్లు, చూసేవాళ్ళు ఉన్నారు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి అరిష్టం అంటారు. నేను ఆ నమ్మకాన్ని ఎప్పుడూ వెక్కిరించలేదు, ఎందుకంటే కొన్నవాడి ఇంట్లో పెద్దావిడకు అది నచ్చకపోతే ఆ పశువుకి ఆ ఇంట్లో సరైన మేత దొరకదు. సుడి ఉన్నదాన్ని ముందే చూపించి, పట్టింపు లేని ఇంటికే ఇప్పించేవాణ్ణి.

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన తర్వాతి నెలలు నాకు బాగా గుర్తు. అప్పటికి నేను కుర్రాణ్ణి. వేలమంది మనుషులు పోయారు, పశువులకైతే లెక్కే లేదు. అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి రైతులు మా వైపు సంతలకు వచ్చేవారు. గేదె ఏ జాతిదని అడిగేవారు కాదు. నిలబడి మేత మేస్తే చాలు, ఇంట్లో పసివాళ్ళకు పాలు కావాలి, దాళ్వాకి (రెండో పంటకి) దుక్కి దున్నాలి. ధరలు ఎగిరాయి, ఎగరేసినవాళ్ళూ ఉన్నారు. మా నాన్న ఆ వైపు వాళ్ళ దగ్గర కమీషన్ తీసుకోనని చెప్పేశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళు కూడా ఆయన బాటే పట్టారు. బేరగాళ్ళంతా ఒకే తాను గుడ్డలని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది ఇందుకే.

పాడి గేదెల బేరం వేరే విద్య. పాలకు వెన్న శాతం మీద డెయిరీలు డబ్బు కట్టడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ముర్రా గేదెకు, ముర్రా రక్తం కలిసిన గేదెకు గిరాకీ పెరిగింది. చుట్టుకున్న కొమ్ములు, నల్లటి ఒళ్ళు చూసి జనం ఎగబడతారు. కొమ్ము పాలివ్వదు. నేను ముందు పొట్ట కింద పాలనరం చూస్తాను. లావుగా, మెలికలు తిరిగి ముందుకు సాగి ఉండాలి. తర్వాత నాలుగు చన్నులూ విడివిడిగా పిండి, మొదటి ధారలు అరచేతిలో పట్టి చూడాలి. పలుకులుగానీ, నీళ్ళలాగానీ ఉంటే పొదుగువాపు వచ్చి పోయిందో, లోపలే ఉందో అన్నమాట.

అసలైన పరీక్ష పిండాక ఉంది. అమ్మేవాళ్ళు పూటో రెండు పూటలో పాలు తియ్యకుండా ఆపి సంతకు తెస్తారు. పొదుగు నిండుకుండలా కనిపిస్తుంది. అందుకని సాయంత్రం వెళ్ళి, మన కళ్ళ ముందు మొత్తం పిండించి, ఆ పాలు లెక్కలోకి తీసుకోకుండా, అక్కడినుంచి వరసగా మూడు పూటలు కొలవాలి. పిండాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడి మెత్తగా అయిపోతే అది పాల పొదుగు. పిండినా అలాగే గట్టిగా ఉంటే కండ పొదుగు, దాని జోలికి పోవద్దు. దూడ లేకుండా పాలు చేపుతుందా, అంటే పొదుగులోంచి కిందికి వదులుతుందా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. దూడ చనిపోయిన గేదెకి వేరే దూడను కట్టి చూపించేవాళ్ళున్నారు. తల్లి ఆ దూడను వాసన చూసి నాకుతుందా, తన్ని తోసేస్తుందా గమనించండి. ఇంజక్షన్ చేసి చేపించే గేదెను మాత్రం ఎంత తక్కువకిచ్చినా కొనవద్దు.

హర్యానా నుంచి లారీల్లో తెప్పించే వ్యాపారం గురించి ఒక్క మాటే. అక్కడ పన్నెండు లీటర్లు ఇచ్చిన గేదె ఇక్కడ దిగిన వారానికి అందులో సగం ఇస్తే మోసపోయామని గోల పెడతారు. రోజుల తరబడి లారీ ప్రయాణం, నీళ్ళ మార్పు, మేత మార్పు, మన ఉక్కపోత. చాలావాటికి ఆ ఈతలో, అంటే ఆ కాన్పులో, పాలు పూర్తిగా తేరుకోవు. ఇక్కడే పుట్టి, మన వరిగడ్డి, జనుము, పిల్లిపెసర తిని పెరిగిన రెండో ఈత గేదె రెండు లీటర్లు తక్కువ ఇచ్చినా మేలు. నన్ను అడిగిన ప్రతివాడికీ ఇదే చెప్పాను.

ఇప్పుడు వేలం. నేను పిలిచిన పాటల్లో ఎక్కువ బందెలదొడ్డివి, మొక్కుబడి కోడెలవి. పంట మేసిన పశువును బందెలదొడ్డిలో పెడితే సొంతదారు వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే నోటీసు వెయ్యాలి, ఆ తర్వాత ఇంకో ఏడు రోజులు చూసి బహిరంగ వేలం వెయ్యాలి. చాలా ఊళ్ళలో ఆ దొడ్లు ఇప్పుడు గోడలు కూడా మిగలలేదు. ప్రభుత్వ ఫారాల్లో మిగులు గిత్తలను, వయసు మళ్ళిన పశువులను వేలం వేస్తే పాటదారుల వెంట నేనూ వెళ్ళేవాణ్ణి. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతి పశువుల మీద పరిశోధన జరుగుతుంది. అక్కడి పశువంటే రైతులకు గురి.

పాట పిలవడమంటే గొంతు ఒక్కటే కాదు. ధరావతు, అంటే పాటకు ముందు కట్టే డిపాజిట్టు, కట్టినవాళ్ళు నిలబడతారు. సర్కారు వారి పాట ఇంత అని మొదలుపెట్టాలి. ఆ మొదటి అంకె చాలా ముఖ్యం. ఎక్కువ పెడితే నోళ్ళు మూతపడతాయి, తక్కువ పెడితే జనం అక్కడక్కడే వందలు, యాభైలు పెంచుతూ పొద్దు గడుపుతారు. నేను ఎప్పుడూ మంచి పశువును ముందు పెట్టలేదు. మధ్యరకందాన్ని ముందు నడిపించి, జనం చేతులు కాస్త వేడెక్కాక, మూడోదో నాలుగోదో మంచిదాన్ని తెప్పించేవాణ్ణి. చివరిదాకా ఆపితే కొనాల్సినవాళ్ళ దగ్గర డబ్బు అయిపోతుంది. "ఒకటోసారి" తర్వాత తొందరపడకూడదు. పాడుతున్నవాడి మొహం కాదు, పాడనివాడి మొహం చూడాలి. పశువును గిట్ట నుంచి మూపురం దాకా చూసి మళ్ళీ గిట్ట దగ్గరికి వచ్చినవాడు ఇంకా వదల్లేదు. "రెండోసారి" అన్నాక అతని వైపు తిరిగి పేరుతో పిలిస్తే చాలు, పాట మళ్ళీ లేస్తుంది.

వేలానికి పట్టిన చీడ కుమ్మక్కు. పాటదారులు ముందురోజే కూడబలుక్కుని, ఒక్కడే పాడతాడు, మిగతావాళ్ళు నేల చూపులు చూస్తారు. పశువు సర్కారు పాట మీద వందకో రెండొందలకో పోతుంది. గేటు దాటాక చెట్టు కింద వాళ్ళలో వాళ్ళు అసలు పాట పెట్టుకుని తేడా పంచుకుంటారు. నష్టం దేవుడి హుండీకో పంచాయతీకో. ఒక దేవాలయం కోడెల పాటలో ఇలాగే జరుగుతుందని ముందే కబురందింది. చుట్టుపక్కల ఊళ్ళలో దండోరా వేయించమని పెద్దల్ని ఒప్పించాను, ధరావతు కూడా తగ్గించమన్నాను. ఎందుకంటే ధరావతు పెద్దదైతే వ్యాపారులే వస్తారు, చిన్నదైతే ఒక్క కోడె కావలసిన రైతు కూడా వస్తాడు. ఆ రోజు ఎకరం, రెండెకరాల వాళ్ళు గుంపుగా వచ్చారు. ఒక కుర్రాడు తన జతకు కోడె కోసం వచ్చి, వ్యాపారి పాట మీద పాట వేస్తూ ఆగలేదు. వ్యాపారి "ఏం అబ్బాయ్, బంగారపు కోడె అనుకుంటున్నావా" అంటే, "నాకు దుక్కికి కావాలన్నా, నీకు అమ్మడానికి కావాలి" అన్నాడు. కోడె అతనికే పోయింది. కుమ్మక్కు అక్కడే చెదిరిపోయింది, మిగతావన్నీ సరైన ధరకే తెగాయి.

రెండు పద్ధతుల్లో ఏది మంచిదంటారా? చాలాకాలం రెండూ చేసి నేను అనుకునేది ఇది. కొనేవాళ్ళు నిజంగా పోటీపడే చోట వేలం మించినది లేదు, బేరగాడు తినడానికి నడుమ ఏమీ మిగలదు. కానీ అవసరంలో ఉన్న రైతు ఒక్క పశువుతో వస్తే పదిమందిలో నిలబెట్టి పాట పెట్టడం అతన్ని అల్లరి చెయ్యడమే. కొనేవాళ్ళు లేక పాట ఆగిపోతే "ఆ ఎద్దుకి పాటే రాలేదట" అన్న మాట దానికి అంటుకుంటుంది, వచ్చే సంతలో ధర ఇంకా పడుతుంది. అలాంటివాడికి తుండుగుడ్డే దిక్కు, దాని వెనక నమ్మకమైన మనిషి ఉంటే.

ఒంగోలు జాతి గురించి కూడా రాయకుండా ఉండలేను. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే, కాబట్టి ఆ గిత్తలు మా గిత్తలని చెప్పుకునే హక్కు మాకుంది. ఇక్కడినుంచి బ్రెజిల్ వెళ్ళిన ఆ జాతిని అక్కడ నెలోర్ అంటారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేస్తే, ఆవు మొత్తం విలువ మన డబ్బులో సుమారు 35 కోట్లని తేలింది. పశువును కాకుండా వాటాను పాట పెట్టడం నా అనుభవంలో లేదు. వాళ్ళు జాతి లెక్కలు తరతరాలుగా రాసిపెట్టుకుంటారు, తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది కాగితం మీద ఉంటుంది. మన దగ్గర ఆ లెక్క బేరగాళ్ళ నోళ్ళలో ఉండేది, వాళ్ళు పోతే అదీ పోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇప్పుడు మంచి గిత్తకు బండలాగుడు పోటీల వల్లే లక్షలు పలుకుతున్నాయి. దుక్కి కోసం కొనేవాళ్ళు మా వైపు దాదాపు లేరు.

ముసలి ఎద్దుల సంగతి చాలామంది రైతులు తల దించుకునే అడిగేవారు: "ఎక్కడికి పోతుందయ్యా ఇది?" 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవులను, దూడలను వధించడాన్ని నిషేధించింది, ఎద్దులకు, దున్నలకు ధ్రువపత్రం కావాలంది. 2017 మే నెలలో కేంద్రం సంతల్లో వధ కోసం పశువులు అమ్మకూడదని కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు, జులైలో సుప్రీంకోర్టు ఆపేదాకా కొనేవాళ్ళు సంతకు రావడానికే జంకారు. నేను చేసింది ఒక్కటే. అడిగిన రైతుకు నిజం చెప్పేవాణ్ణి, తేలికపాటి బండికో గానుగకో పనికొస్తుందనుకుంటే అలాంటి ఇల్లు వెతికేవాణ్ణి. దొరకనప్పుడు దొరకలేదనే చెప్పాను.

ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లో వీడియోల మీద నడుస్తున్నాయి. వీడియోలో పొదుగు కనిపిస్తుంది, పిండాక పొదుగు కనిపించదు. దగ్గు వినిపించదు. 2022లో లంపీ చర్మవ్యాధి దేశమంతా తిరిగినప్పుడు వీడియో చూసి కొన్న పశువులతో మంద మొత్తానికి జబ్బు తెచ్చుకున్నవాళ్ళను చూశాను. మీరు కూడా ఒకటి రెండు గేదెలు కొనాలనుకుంటున్నారని చివర్లో రాశారు కాబట్టి: స్వయంగా వెళ్ళి మూడు పూటలు పాలు చూసుకోండి, గాలికుంటు, గొంతువాపు టీకాలు ఎప్పుడు వేశారో అడగండి, తెచ్చాక రెండు మూడు వారాలు మీ పశువులకు దూరంగా వేరే కట్టేయండి. చెవికి ఉన్న పన్నెండు అంకెల ట్యాగు నంబరు ఆన్‌లైన్‌లో ఎవరి పేరు మీద ఉందో మీ పశువైద్యుడి దగ్గర చూపించుకుని, డబ్బు మొత్తం ఇచ్చేముందే మీ పేరుకు మార్పించుకోండి. ట్యాగు లేకపోతే బీమా క్లెయిమ్ రాదు.